పిల్లికి యూరిన్‌లో క్రిస్టల్స్, ఫుడ్ వల్లే అని తేల్చాలంటే ల్యాబ్‌లో ఏం అడగాలి?

మా మగ పిల్లికి 4 ఏళ్ళు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది, ఇంట్లోనే ఉంటాడు. ఈమధ్య తక్కువ రేటుకి వచ్చే ఒక డ్రై ఫుడ్‌కి మార్చాం. రెండో బ్యాగ్ సగంలో ఉండగా మొదలైంది, మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లోకెళ్ళి కూర్చోవడం, ముక్కడం, రెండు చుక్కలు పడటం, అవీ లేత గులాబీ రంగులో. మగ పిల్లికి యూరిన్ బ్లాక్ అయితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కాథెటర్ (యూరిన్ బయటికి రావడానికి సన్నని గొట్టం) వేశారు. యూరిన్ రిపోర్ట్‌లో స్ట్రువైట్ అనే రకం క్రిస్టల్స్, పీహెచ్ 7.5 (అంటే ఆమ్లం కాదు, కాస్త క్షారం వైపు). ఇప్పుడు డాక్టర్ రాసిన డైట్ మీద బానే ఉన్నాడు.

బ్యాచ్ నంబర్, రిపోర్ట్ పెట్టి కంపెనీకి మెయిల్ చేస్తే మీ డాక్టర్ని అడగండి అన్నారు, షాపువాళ్ళేమో కంపెనీనే అడగమన్నారు. నీళ్ళు తక్కువ తాగడం, బరువు, స్ట్రెస్ కూడా కారణాలే, ఒక్క ఫుడ్ వల్లే అని రాసివ్వలేను అని డాక్టర్ అన్నారు, అదీ నిజమే. కానీ స్ట్రువైట్ అంటేనే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కదా, బ్యాగ్ మీద చూస్తే ప్రోటీన్, ఫ్యాట్, ఫైబర్, తేమ తప్ప మెగ్నీషియం ఊసే లేదు. మూగజీవి, వాడి తరఫున మనం కాకపోతే ఎవరడుగుతారు?

మిగిలిన ఫుడ్ అదే బ్యాగ్‌లో గాలి తగలకుండా ఉంచాను. ఇలా ఎవరైనా టెస్ట్ చేయించి ఉంటే చెప్పండి, కంపెనీ కాదనకుండా ఉండాలంటే మెగ్నీషియం, ఫాస్ఫరస్ కాకుండా ల్యాబ్ వాళ్ళని ఇంకా ఏమేం చూడమనాలి?