ఏలీయా కూర్చున్నది రేగు చెట్టు కిందా, తంగేడు కిందా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. సండే స్కూల్లో ఏలీయా ప్రవక్త కథ చెబుతున్నాను: ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చున్న ఆయనకు దేవదూత అప్పం తెస్తాడు. 1 రాజులు 19:4లో ‘బదరీవృక్షము’ అని ఉంది. బదరి అంటే రేగే కదా అని బోర్డు మీద పండ్లతో సహా గీసేశాను. ఒక పాప లేచి, "ఆకలేస్తే ఆ పండ్లే తినొచ్చుగా టీచర్, దూత అప్పం ఎందుకు తెచ్చాడు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి చూస్తే హీబ్రూలో ఉన్న మాట ‘రోతెమ్’. కీర్తన 120:4లోనూ యోబు 30:4లోనూ అదే మాట, కానీ అక్కడ మన బైబిల్లో ‘తంగేడు’! ఏది నిజం?

జవాబు 1:
సిస్టర్, పాత ఇంగ్లీషు బైబిల్లో జునిపర్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) అని ఉంది. అదే అయ్యుంటుంది.

జవాబు 2:
కాదు బ్రదర్. ఆ పొరపాటు పాతదే: 1611 నాటి ఆ ఇంగ్లీషు బైబిల్ కంటే ముందే, బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోము జునిపర్ అని రాశాడు. గ్రీకు అనువాదకులైతే 4వ వచనంలో ఆ హీబ్రూ మాటనే గ్రీకు అక్షరాల్లో దించేశారు. నాకు వాళ్ల పద్ధతే నచ్చింది.

అరబ్బీలో ఇప్పటికీ ‘రతమ్’ అంటారు కాబట్టి మొక్క ఏదో తెలుస్తోంది. సీనాయి, నెగెబు ఎడారుల్లో పెరిగే పొద అది. చీపురు పుల్లల్లాంటి పచ్చటి కొమ్మలు, రాలిపోయే చిన్న ఆకులు, తెల్లటి పూలు. చిక్కుడు కుటుంబమే. తంగేడు పూలు పసుపే అయినా కుటుంబం అదే, కాబట్టి రేగు కంటే తంగేడే దగ్గర. దాని బొగ్గులు చాలాసేపు కణకణలాడతాయని పేరు. కీర్తనలో ‘తంగేడునిప్పులు’ అందుకే. యోబులో ఆ వేళ్లు ‘ఆహారము’ అన్నారు గానీ, హీబ్రూలో మొదట హల్లులే రాసేవారు కాబట్టి, అవే హల్లులను వేరే అచ్చులతో చదివితే ‘చలి కాచుకోవడానికి’ అని వస్తుంది. నేనైతే అలాగే చదువుతాను.

సంఖ్యాకాండం 33లో ఇశ్రాయేలీయులు ఆగిన ‘రిత్మా’ అనే మజిలీ ఉంది చూడండి, ఆ పేరూ ఈ మొక్కదే.

ప్రశ్న అడిగినవారు:
అయితే బెయేర్షెబా దాటి ఒక రోజంతా నడిచిన మనిషికి దొరికిన నీడ ఆ పుల్లలదేనన్నమాట! దూత తెచ్చిన అప్పం కూడా నిప్పుల మీద కాల్చిందే. ఈ ఆదివారం రేగు చెరిపేసి చీపురు పొద గీస్తాను. ఆ పాపతోనే గీయిస్తే ఇంకా మేలేమో.