పొక్లెయిన్ చైన్ మాటిమాటికీ దిగిపోతోంది, గ్రీజు ఎక్కించినా నిలవడం లేదు

ప్రశ్న

అన్నలూ, 20 టన్నుల పొక్లెయిన్. ఎడమ చైన్ వారంలో మూడుసార్లు దిగింది. ప్రతిసారీ ఐడ్లర్ (చైన్‌ను బిగువుగా ఉంచే ముందు చక్రం) వైపే, మలుపు తిప్పేటప్పుడే. గ్రీజు గన్‌తో టైట్ చేస్తే రెండు రోజులకే మళ్లీ వదులవుతోంది. కుడి చైన్‌కు ఏ ఇబ్బందీ లేదు. కొత్త చైన్ వేయక తప్పదా? అంతవరకు ఇంకా గట్టిగా టైట్ చేసి నడపొచ్చా?

జవాబు 1

గట్టిగా టైట్ చేయొద్దు తమ్ముడూ. వదులు చైన్ దిగిపోతుంది, అంతే. అతిగా బిగిస్తే పిన్నులు, బుష్‌లు, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్లు, ఐడ్లర్ బేరింగు అన్నీ కలిసి అరుగుతాయి.

ముందు ఆ గ్రీజు ఎటు పోతోందో పట్టుకో. సరిగా టైట్ చేశాక ఐడ్లర్ యోక్ (ఐడ్లర్‌ను పట్టి ఉంచే చట్రం) ఫ్రేమ్‌లోకి దూరే చోట సుద్దతో గీత పెట్టు. ఒక షిఫ్టు నడిపాక చూడు. గీత వెనక్కి జరిగి ఉంటే, గ్రీజు ఒత్తిడితో ఐడ్లర్‌ను ముందుకు నెట్టే సిలిండర్ నిలవడం లేదన్నమాట. గ్రీజు నిప్పుల్ (గన్ తగిలించే మూతి), గ్రీజు వదిలే వాల్వు మరల దగ్గర తాజా గ్రీజు కనిపిస్తే వాల్వు మారిస్తే సరిపోతుంది. అక్కడ పొడిగా ఉండి, ఫ్రేమ్ లోపల సిలిండర్ చుట్టూ గ్రీజు ముద్దగా చేరితే సీలు పోయింది. గీత కదలకుండా చైన్ మాత్రమే వదులైతే అప్పుడు చైన్, రోలర్ల అరుగుదల చూడాలి.

నీ మిషన్‌కు కుడివైపు బాగుందంటున్నావు కాబట్టి నా అనుమానం సీలు మీదే.

జవాబు 2

కొలత సంగతి. బూమ్‌కూ ఆర్మ్‌కూ మధ్య 90 నుంచి 110 డిగ్రీలు ఉండేలా పెట్టి, బకెట్ గుండ్రటి వీపును నేలకు ఆనించి ఆ పక్క చైన్ లేపండి. ఫ్రేమ్ కింద చెక్క దిమ్మెలు పెట్టండి. చైన్‌ను ముందుకూ వెనక్కూ తిప్పి మట్టి రాల్చాకే కొలవాలి. స్ప్రాకెట్‌లో మట్టి గట్టిపడి ఉంటే వదులు చైన్ కూడా టైట్‌గా కనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే.

కొన్ని మిషన్లకు ఇలా లేపి, ఫ్రేమ్ అడుగు నుంచి కింద వేలాడే షూ (చైన్ పలక) వరకు కొలుస్తారు: సుమారు 300 నుంచి 335 మిల్లీమీటర్లు. కొన్నింటికి నేల మీదే ఉంచి, ఐడ్లర్‌కూ పై రోలర్‌కూ మధ్య కడ్డీ పరిచి చైన్ దాని కింద ఎంత కుంగిందో చూస్తారు: 10 నుంచి 30 మిల్లీమీటర్లు. ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టకండి, మీ మిషన్ మాన్యువల్‌లో ఏ పద్ధతి ఉందో అదే పాటించండి. బురదలో పనిచేస్తే కాస్త వదులుగా ఉంచాలి.

వదులు చేసేటప్పుడు వాల్వు నెమ్మదిగా తిప్పండి, ఒక చుట్టుకు మించొద్దు. లోపలి గ్రీజు చర్మాన్ని చీల్చుకుని పోయేంత ఒత్తిడిలో ఉంటుంది. ముఖం, చేయి, మోకాలు ఏదీ వాల్వుకు ఎదురుగా ఉండకూడదు. నిప్పుల్‌ను మాత్రం ఎప్పుడూ విప్పకండి.

ప్రశ్న అడిగినవారు

సుద్ద గీత పెట్టి చూశాను. సాయంత్రానికి రెండు వేళ్ల వెడల్పు వెనక్కి పోయింది. వాల్వు దగ్గర పొడిగానే ఉంది.

జవాబు 1

అయితే సీలే. సిలిండర్ విప్పి సీలు మార్చాలి, పిస్టన్ రాడ్డు మీద గీతలుంటే అదీ చూడాలి, లేకపోతే కొత్త సీలు కూడా నెల తిరక్కుండా పోతుంది. సిలిండర్ వెనక ఉండే స్ప్రింగ్ అసెంబ్లీని మాత్రం సైటులో విప్పనివ్వకు. అది టన్నుల బలంతో నొక్కి పెట్టిన స్ప్రింగ్, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులోనే విప్పాలి.

జవాబు 3

అంతవరకు నడపక తప్పదంటే, నిలబడ్డ చోటే రెండు చైన్లనూ ఎదురెదురు తిప్పి మలుపు కొట్టకండి. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు వెళ్తూ మూడు నాలుగు దఫాల్లో తిప్పండి. ఏటవాలు మీద, రాళ్ల మీద అసలు తిప్పొద్దు. స్ప్రాకెట్ వెనక ఉండేలా చూసుకుని నడపండి. క్యాబిన్ తిరిగి ఉంటే ట్రావెల్ లివర్లు ఉల్టా పనిచేస్తాయి, గుర్తుంచుకోండి.

దిగిన చైన్ ఎక్కించేటప్పుడు వాల్వు వదులు చేసి ఐడ్లర్‌ను వెనక్కి నెట్టాలి. లోపల ఇరుక్కున్న రాళ్లు తీసేసి, ముందు స్ప్రాకెట్ పళ్లకు పట్టించి, తర్వాత ఐడ్లర్ దగ్గర గడ్డపారతో లోపలికి నెట్టాలి. గడ్డపార పట్టుకున్న మనిషి పక్కకు తప్పుకుని చేయి ఊపాకే లివర్ ముట్టుకోవాలి. లింకుకూ ఐడ్లర్‌కూ మధ్య వేలు పెట్టి సర్దే అలవాటు ఎవరికున్నా మాన్పించండి.

ఐడ్లర్ అంచులు, ట్రాక్ గార్డులు (చైన్ పక్కకు జారకుండా ఆపేవి) కూడా ఓసారి చూసుకోండి. గార్డు ఊడిపోయి ఉంటే కొత్త సీలు వేసినా చైన్ దిగుతూనే ఉంటుంది.