లేత్ మీద గ్లౌజులు వేసుకోవాలా, వద్దా?

కొత్త టర్నర్, మిర్యాలగూడ
అన్నలూ, నల్లగొండలో ఐటీఐ చేసి మూడు నెలల కింద ఇక్కడ ఒక లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే మిషన్) షాపులో చేరాను. రైస్ మిల్లుల షాఫ్టులు, బుష్‌లు, నాట్లప్పుడు ట్రాక్టర్ కేజ్ వీల్ రిపేర్లు, ఇదే పని. మొన్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షాఫ్ట్ తిప్పుతుంటే చిప్, అంటే కోతలో లేచే ఇనుప పొట్టు, రిబ్బన్‌లా పొడుగ్గా వస్తోందని చేత్తో లాగబోయాను, అరచెయ్యి తెగి నాలుగు కుట్లు పడ్డాయి. ఓనర్ మంచోడే, ఆసుపత్రి ఖర్చు తనే పెట్టుకుని మర్నాడు కాటన్ గ్లౌజులు డజను తెచ్చి, ఇవి లేకుండా మిషన్ ముట్టొద్దన్నాడు. ఐటీఐలో సార్ మాత్రం గ్లౌజుతో లేత్ దగ్గరకొస్తే బయటికి పంపేవారు. ఎవరి మాట వినాలి? ఓనర్‌కు ఎదురు చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

పాత టర్నర్, జడ్చర్ల
సార్ మాటే విను తమ్మీ. చిప్ కోస్తే కుట్లతో పోయింది, అదే గ్లౌజు దారం చక్ జాకు (షాఫ్ట్‌ను పట్టి తిప్పే చక్ దవడకు) తగిలిందనుకో, చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. 50 ఎంఎం షాఫ్ట్ 600 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 600 చుట్లు, తిరిగితే సెకనుకు మీటరున్నర గుడ్డను చుట్టేసుకుంటుంది, లెక్కేసుకో, నీ చెయ్యెంత పొడుగుంటుంది? గ్లౌజే కాదు, ఫుల్ చేతుల చొక్కా, ఉంగరం, యాదగిరిగుట్టలో కట్టించుకున్న కంకణం, అయ్యప్ప మాలలో మెడ మీద వేసుకునే కండువా, అన్నీ అంతే. కండువా తీస్తే స్వామి ఏమీ అనుకోడు.

నా కుడి చూపుడు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడవదు. ఫినిషింగ్ కోసం ఎమరీ పట్టీని (నునుపు చేసే గరుకు గుడ్డ) వేలికి చుట్టుకుని తిరిగే షాఫ్ట్‌కు ఆనించాను, పట్టీ పట్టేసింది, గ్లౌజు కూడా లేదు అప్పుడు.

ఇక చిప్ సంగతి. మిషన్ ఆపి తియ్యి, అదీ కొక్కెంతో. పాత 6 ఎంఎం రాడ్ కొస వంచితే చాలు, కానీ పట్టుకునే వైపు రింగు చెయ్యకు, చిప్ కొక్కేన్ని లాగినప్పుడు వేలు రింగులో ఇరుక్కుంటుంది. అసలు అంత పొడుగు రిబ్బన్ వస్తోందంటే ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) తక్కువైనట్టుంది, కొంచెం పెంచి చూడు, ముక్కలై రాలొచ్చు.

ఫ్యాబ్రికేషన్, దేవరకొండ రోడ్
గ్లౌజులు మొత్తానికే పడెయ్యకండి. వెల్డింగ్‌కు లెదర్‌వి కావాల్సిందే, షీట్లు మోసేటప్పుడూ కావాలి. డ్రిల్ మిషన్ దగ్గర మాత్రం తీసెయ్యాలి, ప్లేటును చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించాలి, బిట్ ఇరుక్కుంటే ప్లేటే ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. నాకు ఎక్కువ భయం గ్రైండర్‌తో. మొన్న ఒక కుర్రాడు 4 అంగుళాల మిషన్‌కు గార్డు పీకి 7 అంగుళాల డిస్క్ ఎక్కించాడు, తొందరగా తెగుతుందట! ఆ డిస్క్ తట్టుకునే వేగం 8,500 ఆర్‌పీఎం అని దాని మీదే రాసుంటుంది, ఈ మిషన్ తిరిగేది 11,000 పైన. పగిలితే ముక్క మొహం మీదికే. ప్లగ్ పీకి నేనే విప్పించాను.

సూర్యాపేట
ఇరవై ఏళ్లుగా గ్లౌజులతోనే లేత్ నడుపుతున్నా, ఏమీ కాలేదు. మీరు ఊరికే భయపెడుతున్నారు.

పాత టర్నర్, జడ్చర్ల
నేనూ ఆ రోజుకు ముందు పదేళ్లు ఎమరీ అట్లనే చుట్టాను అన్నా.

కొత్త టర్నర్, మిర్యాలగూడ
థ్యాంక్స్ అన్నలూ. ఓనర్‌కు నోటితో చెప్పలేదు. మిషన్ ఆపేసి ప్లగ్ తీసి, గ్లౌజు కొసను జాకు తగిలించి చక్‌ను చేత్తోనే మెల్లగా తిప్పి చూపించాను, పావు చుట్టులో గ్లౌజు మొత్తం చుట్టుకుపోయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్లౌజులు ఇప్పుడు రాడ్లు దించే వాళ్ల దగ్గరున్నాయి. కొక్కెం చేశాను, రింగు లేకుండా. ఇంకొకటి, మా దగ్గర చక్ కీ (చక్‌ను బిగించే తాళం) ఎప్పుడూ చక్‌లోనే వదిలేస్తారు, దానికి స్ప్రింగు పెట్టి దానంతటదే బయటికొచ్చేలా చేస్తారట కదా, ఎవరైనా చేశారా?