ఫోటోఅకౌస్టిక్ మైక్రోస్కోపీలో లోతు: 1064 నానోమీటర్ల కాంతికి మారితే సరిపోతుందా?

లేజర్‌బల్ల:
లేజర్ పల్స్ తగిలితే హిమోగ్లోబిన్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, అల్ట్రాసౌండ్ పుడుతుంది. ఆ ధ్వనితోనే బొమ్మ గీస్తాం. చిక్కల్లా లోతు దగ్గరే. 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఆకుపచ్చ కాంతిని ఫోకస్ చేస్తే సన్నని కేశనాళికలు కూడా విడివిడిగా కనిపిస్తాయి గానీ, సుమారు ఒక మిల్లీమీటరు దాటితే కాంతి చెదిరిపోతుంది. 1064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతికి మారిపోవాలన్నది నా వాదన. చెదరడం తగ్గుతుంది. చర్మంపై అనుమతించే శక్తి కూడా చదరపు సెంటీమీటరుకు 20 మిల్లీజౌల్స్ నుంచి 100కి పెరుగుతుంది.

ఫాంటమ్‌పిచ్చి:
ఒప్పుకోను. 1064 దగ్గర హిమోగ్లోబిన్ పీల్చుకునే కాంతి చాలా తక్కువ. పెంచిన శక్తిలో ఎంతో భాగం ఆ లోటు పూడ్చడానికే పోతుంది.

ఇంకో సంగతి. చికెన్ బ్రెస్ట్‌ని పల్చగా కోసి, కింద వెంట్రుక పెట్టి స్కాన్ చేశాను. ఒక్క పొర కింద గీత గీసినట్టు కనిపించింది. మూడో పొర వేసేసరికి అదే వెంట్రుక తాడంత లావైంది. సిగ్నల్ వస్తూనే ఉంది, వివరం పోయింది. దాన్ని ‘లోతు సాధించాం’ అని రాసుకోవడం తప్పు. 2006లో లిహాంగ్ వాంగ్ బృందం కాంతి ఫోకస్ వదిలేసి 50 మెగాహెర్ట్జ్ ధ్వని ఫోకస్‌ను నమ్ముకుంది: లోతు 3 మిల్లీమీటర్లు, స్పష్టత (విడిగా కనిపించే అతి చిన్న వివరం) 45 మైక్రాన్లు. రెండంకెలూ పక్కపక్కన ఉంటేనే ఏదైనా తెలిసేది.

చర్మవైద్యం:
నాకు కావలసింది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డ అడుగు అంచు. మందం ఒక మిల్లీమీటరు లోపా, రెండు దాటిందా అన్నదాన్ని బట్టే చుట్టూ ఎంత మేర కోయాలో తేలుతుంది. మన దగ్గర ఈ జబ్బు అరుదు, కానీ వచ్చినప్పుడు అరికాల్లో తరచుగా చూస్తాం. అక్కడ పైచర్మమే ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మీ 532 కాంతి గడ్డను చేరకముందే చెదిరిపోతుంది. చేరినా, పైనున్న మెలనిన్ (చర్మానికి నలుపునిచ్చే పదార్థం) మింగేస్తుంది. 45 మైక్రాన్లు నాకు ధారాళంగా చాలు.

కొత్తగాచేరా:
2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు టార్ట్రజిన్ అనే పసుపు ఫుడ్ కలర్ పూసి ఎలుక చర్మాన్ని పారదర్శకం చేశారు కదా, అది పనికిరాదా?

ఫాంటమ్‌పిచ్చి:
అందమైన పని. కానీ ఎలుక చర్మం మన చర్మంకన్నా ఎంతో పల్చన. అరికాలి గట్టి పొరలోకి రంగు ఇంకడమే అసలు కష్టం.

లేజర్‌బల్ల:
డాక్టరు గారి కేసులో 1064 నిలబడుతుంది. అక్కడ మెలనిన్ పీల్పు బాగా తగ్గుతుంది కాబట్టి అడుగుదాకా కాంతి వెళ్తుంది. వినేది మాత్రం 50 మెగాహెర్ట్జ్‌తోనే, తరంగదైర్ఘ్యం మారిస్తే చాలన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకటిన్నర మిల్లీమీటర్ల పొర కింద గడ్డకు బదులు నల్ల సిరా కలిపిన జెలటిన్ పెట్టి కొలుస్తాను.

ఫాంటమ్‌పిచ్చి:
సిరా వద్దండీ. ఇన్‌ఫ్రారెడ్‌లో దాని పీల్పు మెలనిన్‌లా పడిపోదు, 1064కి అన్యాయం జరుగుతుంది. మెలనినే కలపండి.