కల్వకుర్తి–సోమశిల–నంద్యాల హైవే (167కె): ఎంతవరకు వచ్చింది?

నాగర్‌కర్నూల్_వాసి
అక్కావాళ్లు నంద్యాలలో ఉంటారు. పోవాలంటే పెబ్బేరు మీదుగా కర్నూలు చుట్టి పోతున్నాం. కోట్ర జంక్షన్ నుంచి కొల్లాపూర్ దాకా పని ఎంతవరకు వచ్చింది? పెద్దకొత్తపల్లి దగ్గర డైవర్షన్లున్నాయా? సోమశిలలో పడవ మీద కారు ఎక్కిస్తారా? అవతల సిద్ధేశ్వరం నుంచి ఆత్మకూరు దాకా దారెలా ఉంది? అక్కడ కృష్ణా మీద వంతెన వస్తే హైదరాబాద్–తిరుపతి దూరం 80 కిలోమీటర్లు తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

తిరుపతి_ట్రిప్పులు
ఆ 80 మాట నమ్మకండి. హైదరాబాద్ నుంచి కల్వకుర్తి 85 దాకా ఉంటుంది. అక్కణ్నుంచి నంద్యాలకు ఈ రోడ్డు పొడవు 174. మొత్తం 260. ఇప్పుడు కర్నూలు మీదుగా 285, 290 వస్తోంది. అంటే తగ్గేది పాతిక, ముప్పై. నంద్యాల దాటాక ఆళ్లగడ్డ, కడప, తిరుపతి, ఎటునుంచి వచ్చినా అదే రోడ్డు. మిగతా 50 ఎక్కడ తగ్గుతుంది? కిరాయి కట్టేది కిలోమీటర్ల మీదే కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసు.

కొల్లాపూర్_బిడ్డ
అన్నా, నువ్వు లెక్క హైదరాబాద్ కాడ మొదలువెడితివి. కొల్లాపూర్ కాడ మొదలువెట్టు. సోమశిల గట్టు మీద నిలవడితే సిద్ధేశ్వరం గుట్టలు కండ్లముందే ఉంటయి. ఆడికి రోడ్డు మీద పోవాల్నంటే పెబ్బేరు, కర్నూలు, ఆత్మకూరు తిరగాలె. ఒక పూట గడుస్తది. ఈ రోడ్డు మీ తిరుపతి కార్ల కోసం అడిగింది కాదు.

తిరుపతి_ట్రిప్పులు
మీకు వంతెన వద్దని నేనెక్కడన్నాను? పేపర్లలో ‘హైదరాబాద్–తిరుపతి 80 కి.మీ. ఆదా’ అని వేశారు. ఆ ముక్క తప్పంటున్నాను.

కొల్లాపూర్_బిడ్డ
2007 జనవరిల ఇదే నీళ్లల్ల పడవ మునిగి 60 మందికి పైన సచ్చిపోయిన్రు. మా ఊర్లల్ల ఆ ముచ్చట తీస్తే ఇప్పటికీ ఏడుస్తరు. అప్పటిసంది వంతెన, వంతెన అంటనే ఉన్నరు. ఎన్ని కిలోమీటర్లు తగ్గుతదని మమ్మల్ని అడగకు.

ఆత్మకూరు_రైతు
వంతెన రావల్లని మాకూ ఉంది. కానీ 1,082 కోట్లు పెట్టి తీగల వంతెన, దాని కింద గాజు నడకదారి ఎవరికప్పా? అదే సిద్ధేశ్వరం కాడ వంతెనతో పాటు బ్యారేజీ కట్టుంటే సీమకు నీళ్లు నిలిచేవి. 1951 కృష్ణా–పెన్నార్ ప్రాజెక్టు ఈడనే అనుకున్నారు, తర్వాత వదిలేసినారు. 2016 మే 31న అలుగుకు, అంటే నీళ్లాపే అడ్డుకట్టకు, మేమే శంకుస్థాపన చేస్తామని వేలమంది రైతులం బయల్దేరితే దారిలోనే ఆపినారు. శ్రీశైలం జలాశయంలో మట్టం 854 అడుగుల కంటే కిందికి దిగిందంటే, సీమ కాలువలకు నీళ్లిడిసే పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగా అందవు. ఆ బాధ మీకు తెలీదు.

పాలమూరు_ముంపు
మాకు తెల్వదా? శ్రీశైలం నీళ్ల కింద మునిగిన ఊర్లల్ల మా తాతల ఊరున్నది. ఇంటికో ఉద్యోగమని 1986ల జీవో 98 ఇచ్చిన్రు. మా నాయిన దరఖాస్తు వెట్టి, తిరిగి తిరిగి, అట్లనే కాలం జేసిండు. ఇప్పుడు బ్యారేజీ అంటే నీళ్ల పంచాయితీ. కృష్ణా బోర్డు, ట్రిబ్యునల్, రెండు రాష్ట్రాలు, తెగేసరికి ఇంకో తరం పోతది. అప్పటిదాంక మేము పడవలల్లనే పోవాల్నా?

ఆత్మకూరు_రైతు
మునిగింది మీ ఊర్లొక్కటే కాదు, కర్నూలు జిల్లాలోనూ మునిగినాయి. మేమూ ఇండ్లిడిసి వచ్చినోళ్లమే. ఆ మాట మా మీద విసరొద్దు.

రిటైర్డ్_ఏఈఈ
ఇద్దరూ కాస్త ఆగండి. నా ఉద్యోగం సగం వంతెనల మీదే గడిచింది, సంగతి చెబుతాను. వంతెన వచ్చేది శ్రీశైలం జలాశయం వెనక నీళ్ల మీద, అక్కడ నిండుమట్టం 885 అడుగులు. నీళ్లు నిండితే నది మధ్యలో లోతు చాలా ఉంటుంది. మామూలు వంతెనకు వరసగా స్తంభాలు దించాలి. పునాది పని చేయగలిగేది నీళ్లు దిగిన ఎండాకాలంలోనే, వరద వస్తే మళ్లీ ఆగాలి. తీగల వంతెనైతే నీళ్లలో స్తంభాలు తక్కువ పడతాయి. అందుకే ఆ డిజైన్ తీసుకున్నారు, అందం కోసం మాత్రమే కాదు. ఇక అలుగు పూర్తిగా వేరే నిర్మాణం. గేట్లు, వరద లెక్క, పునాది అన్నీ మారిపోతాయి. వంతెన టెండరులో దాన్ని ఇరికించలేరు.

ఆత్మకూరు_రైతు
సార్, ప్రకాశం బ్యారేజీ మీద బస్సులు పోలేదా? ధవళేశ్వరం మీద పోలేదా?

రిటైర్డ్_ఏఈఈ
పోయాయి. కానీ ముందు నీళ్ల కోసం బ్యారేజీ మంజూరైంది, దాని మీద రోడ్డు వేశారు. ఇక్కడ మంజూరైంది జాతీయ రహదారి. రోడ్ల శాఖ డబ్బుతో నీళ్లు ఆపడం కుదరదు.

ఆత్మకూరు_రైతు
శాఖలు మనుషులు చేసుకున్నవే కదా సార్. రెండూ కూర్చుని మాట్లాడుకోవల్ల.

బైపాస్_బాధితుడు
మీరు వంతెన దగ్గరే ఉన్నారు. ఈ రోడ్డు వెడల్పుకు పొలం పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మాది తోట. భూమికి లెక్క కట్టారు, చెట్లకు సరిగా కట్టలేదు. కాసే మామిడిచెట్టుకూ మొన్న నాటిన మొక్కకూ ఒకే రేటా? అవార్డు (పరిహారం ఉత్తర్వు) వచ్చాక డబ్బు తీసుకున్నా, ఎక్కువ ఇప్పించమని ఆర్బిట్రేషన్‌కు పోవచ్చని లాయరు చెప్పారు. జాతీయ రహదారుల చట్టం ప్రకారం కలెక్టరు దగ్గర వేసినవాళ్లుంటే చెప్పండి, చాలా అవసరం.

నల్లమల_బుల్లెట్
అసలు ప్రశ్నకు వస్తే, సోమశిలలో పడవ మీద బైకు ఎక్కిస్తారు, కారు మాట మర్చిపోండి. గాలి లేస్తే బైకుతో కూడా ఎక్కొద్దు. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, సిగ్గుపడొద్దు. శ్రీశైలం రోడ్డు మీదుగా దోర్నాల పోయి తిరిగొద్దామనుకుంటే రాత్రి 9 లోపే మన్ననూరు అటవీ శాఖ గేటు దాటాలి, ఆ తర్వాత పొద్దున 6 దాకా వదలరు.

కొల్లాపూర్_బిడ్డ
నల్లమల అన్నా, జాకెట్ మాట గట్టిగ చెప్పినవ్. మా పోరగాండ్లు ఏసుకోరు, నడిపేటోళ్లు అడగరు.

ఆలంపూర్_భక్తురాలు
శ్రీశైలం నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి తేలిందా, ఎవరైనా చూశారా? అమ్మ అక్కడి వేపదారు (వేపకర్ర) లింగాన్ని ఒక్కసారి చూడాలంటోంది. మోకాళ్ల నొప్పులు, పడవ ఎక్కలేదు.

ఆత్మకూరు_రైతు
ఇంకా తేల్లేదమ్మా. శివరాత్రి దాటినాక నీళ్లు దిగితే కనపడుతుంది. కొల్లాపూర్ వైపు రావద్దు, ఆత్మకూరు నుంచి కపిలేశ్వరం మీదుగా వస్తే పడవ పనిల్యా. నీళ్లు దిగినాంక బురద ఆరేదాకా ఒక వారం ఆగి, పెద్దామెను పొద్దున్నే తోడుకొని రాండి. ఆడ నీడ ఉండదు.