టోక్యో చుట్టుపక్కల ఎర్రాకులు: ఏ తేదీకి ఏ కొండ

ప్రశ్న:
ఆగస్టులో టోక్యో వచ్చాం, నిషికసాయ్‌లో ఉంటున్నాం. అమ్మానాన్న నవంబర్ మూడో వారంలో వస్తున్నారు. వాళ్లకి ఎర్రాకులు చూపించాలి, పనిలో పనిగా ఒకట్రెండు గుళ్లు కూడా. అందరూ నిక్కో వెళ్లమంటున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి రాగలమా? నాన్నకి మోకాళ్ల నొప్పులు. అందరం శాకాహారులం.

---

నవంబర్ మూడో వారానికి నిక్కో పైకొండ మీద మిగిలేది ఉత్త కొమ్మలేనండీ. "ఎక్కడ" అన్న ప్రశ్న తర్వాత, ముందు తేదీ చూసుకుని దానికి తగ్గ ఎత్తు పట్టుకోవాలి.

వసంతంలో సకురా (చెర్రీ పూలు) దక్షిణాన మొదలై ఉత్తరానికి ఎక్కుతుంది. కోయో, అంటే ఆకులు రంగు మారడం, దానికి తలకిందులు: ఉత్తరాన మొదలై కిందికి వస్తుంది, కొండ మీద మొదలై ఊళ్లోకి దిగుతుంది. రాత్రి చలి 8 డిగ్రీల లోపుకి పడితే ఆకుల్లో పచ్చదనం విరగడం మొదలవుతుంది. ఎత్తు 100 మీటర్లు పెరిగితే చలి దాదాపు 0.6 డిగ్రీ పెరుగుతుంది. నిక్కో పైన చూజెంజి సరస్సు 1,269 మీటర్ల ఎత్తున ఉంది, కింద తోషోగూ గుడి దగ్గర సుమారు 600. అంటే నాలుగు డిగ్రీల తేడా. ఒకే ఊరి పేరు మీద మూడు వారాల తేడా వచ్చేది అందుకే.

నిక్కోలో వరస ఇలా ఉంటుంది: సెన్జోగహారా మైదానంలో గడ్డి సెప్టెంబర్ చివర నుంచే రంగు తిరుగుతుంది, ర్యూజు జలపాతం అక్టోబర్ మొదట్లో, చూజెంజి, ఇరోహజాకా మలుపులు అక్టోబర్ మధ్య నుంచి చివరి దాకా, గుళ్ల చుట్టూ అక్టోబర్ చివర నుంచి నవంబర్ మధ్య దాకా. వేసవి వేడి సాగిన ఏడాది ఇదంతా ఇంకో వారం ఆలస్యమవుతుంది. కాబట్టి నెల ముందు టికెట్లు కొనేసి నిశ్చింతగా కూర్చోకండి, వారం ముందు ఆకుల సమాచారంలో "మిగోరో" (చూడ్డానికి ఇదే మంచి సమయం) అని రాశారో లేదో చూడండి. "ఇరొజుకి హజిమె" అని ఉంటే రంగు ఇప్పుడే మొదలైందని.

ఇంకో సంగతి, తోషోగూ చుట్టూ ఉన్నవి సుగి అనే చెట్లు. ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. ఎర్రాకుల కోసమని అక్కడికి వెళ్లి ఉసూరుమన్నవాళ్లు చాలామంది. ఎరుపు ఉండేది పక్కనే, రిన్నోజి ఆలయం వాళ్ల షోయోఎన్ తోటలో. చిన్నదే, కానీ గాలి లేని ఉదయం చెరువు నీళ్లలో రెండో తోట కనిపిస్తుంది.

---

నిక్కోని వచ్చే అక్టోబర్‌కి దాచుకోండి. అప్పుడు మాత్రం ఈ మూడు పొరపాట్లూ చెయ్యకండి.

ఒకటి, పాసు. వరల్డ్ హెరిటేజ్ పాసు కొంటే బస్సు గుళ్ల దాకానే, కొండెక్కదు. తోబు నిక్కో స్టేషన్లో అమ్మే బస్సు పాసుల్లో చూజెంజి ఆన్సెన్ పాసు సరస్సు వరకు పనికొస్తుంది. ర్యూజు, సెన్జోగహారా కూడా చూడాలంటే యుమోతో ఆన్సెన్ పాసు పనికొస్తుంది. అసకుసా నుంచి వచ్చే లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌కి సీటు టికెట్ వేరే. అక్టోబర్ శని, ఆదివారాలవి నెల ముందు తెరవగానే అయిపోతాయి. నిషికసాయ్ నుంచి అసకుసాకి తోజాయ్ లైన్లో నిహొంబాషి, అక్కడ గింజా లైను.

రెండు, ఇరోహజాకా, అంటే సరస్సుకి ఎక్కే కొండ దారి. రెండు రోడ్లూ కలిపి 48 మలుపులు, పైకి వెళ్లే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. అకెచిదైరా అనే స్టాపు ఎక్కే రోడ్డు మీదే ఉంది. "వచ్చేటప్పుడు దిగుదాం" అనుకుంటే కుదరదు, దిగే బస్సు అటు రాదు. అక్కడి రోప్‌వే ఎక్కితే 97 మీటర్ల కేగోన్ జలపాతం, వెనకాల సరస్సు ఒకే చూపులో వస్తాయి. దాన్ని వదులుకోకండి.

మూడు, గుళ్లు ముందు పెట్టుకోవడం. పది దాటాక కొండ దారిలో బస్సు ముప్పావు గంట బదులు రెండు మూడు గంటలు కూడా తీసుకుంటుంది. అందులో టాయిలెట్ ఉండదు. నేరుగా పైకి వెళ్లి, గుళ్లు మధ్యాహ్నం దిగాక చూడాలి.

---

నవంబర్ మూడో వారమంటే ఒయామా కొండ కూడా సరైన ఎత్తే. ఒదాక్యూ లైన్లో ఇసెహారా, అక్కణ్ణుంచి బస్సు అరగంట. ఒయామాదేరా గుడి ముందు మెట్ల మీద మేపుల్ కొమ్మలు రెండు పక్కల నుంచీ కమ్ముకుని ఉంటాయి. అంత దట్టమైన ఎరుపు టోక్యో దగ్గర్లో ఇంకోచోట దొరకదని నా లెక్క. కానీ బస్సు దిగాక కేబుల్ కారు స్టేషన్ చేరడానికే 362 మెట్లు. కేబుల్ కారు ఉంది కదా అని పెద్దవాళ్లని తీసుకెళ్లి ఇక్కడే ఇరుక్కుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు.

మీ నాన్నగారికి తకావో కొండ సరిపోతుంది. కొండ ఎత్తు 599 మీటర్లు, నవంబర్ మధ్య నుంచి చివరి దాకా మంచి రంగు. కేబుల్ కారు పైన 472 మీటర్ల దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి యకుఓఇన్ గుడికి సిమెంటు దారిలో ఇరవై నిమిషాలు. మధ్యలో దారి రెండుగా చీలుతుంది: ఎడమా కుడీ అని కాదు, బోర్డు చూడండి. ఒతోకోజాకా అంటే 108 మెట్లు, ఒన్నజాకా అంటే వాలు దారి. వాలు దారి పట్టుకోండి, రెండూ ముందుకెళ్లి కలుస్తాయి. గుడి లోపల కొన్ని మెట్లు తప్పవు, కింది మంటపం దగ్గరే ఆగినా లోటేం లేదు. శిఖరం దాకా వెళ్లక్కర్లేదు.

రైలు: నిషికసాయ్ నుంచి కుదన్‌షిత, అక్కడ తోయెయి షింజుకు లైను. అదే రైలు కేయో లైన్లోకి వెళ్తుంది. అయితే చాలా రైళ్లు హషిమొతో వైపు పోతాయి, అలాంటిదైతే చోఫులో దిగి మారాలి. హచియోజి వెళ్లేదైతే కితానోలో మారాలి. దిగాల్సింది తకావో కాదు, దాని తర్వాతి తకావోసాంగుచి.

---

తిండి సంగతి. తకావోలో అందరూ తొరోరో సోబా తినమంటారు. చూడ్డానికి తురిమిన దుంప, నూడుల్స్ అంతే. కానీ కింది పులుసు కత్సువొ చేపతో కాచిన దాషి. "నికు నషి" అంటే మాంసం లేదనే అర్థం, చేప సంగతి అందులో రాదు. గుడిలో షోజిన్ (బౌద్ధ శాకాహార) భోజనం ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. ఇవన్నీ ఎందుకు, పులిహోర కట్టుకెళ్లండి. ఆ చలిలో పెరుగన్నం గొంతు దిగదు. గుడి ఆవరణలో తినకుండా దారి పక్క బల్లల దగ్గర తినండి. చెత్తబుట్టలు ఉండవు, ఒక సంచి అదనంగా పెట్టుకోండి.

జింజా (షింటో గుడి) అయితే రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు, మళ్లీ ఒకసారి వంగాలి. యకుఓఇన్ బౌద్ధ ఆలయం, చప్పట్లు కొట్టకూడదు, చేతులు జోడిస్తే చాలు. అక్కడ గోమ అనే అగ్నికార్యం చేస్తారు. ఆ మాట మన హోమమే, చైనా మీదుగా వచ్చి అలా నిలిచింది. అమ్మానాన్నలకి ఇది ముందే చెప్పండి, కూర్చుని చూడాలనిపిస్తుంది. చెప్పులు విప్పాల్సిన చోట్లుంటాయి కాబట్టి మందపాటి సాక్సు, లేసుల్లేని బూట్లు. కానుకలకి, టికెట్లకి 100 యెన్ల నాణేలు.

---

ఒక మాట చేరుస్తాను. సముద్రం పక్కనున్న కమాకురా ఊళ్లో ఇంకా ఆలస్యం, నవంబర్ చివర నుంచి డిసెంబర్ మధ్య దాకా. కితా కమాకురా స్టేషన్ దిగితే ఎంగకుజి గుడి ఎదురుగానే. కానీ సెప్టెంబర్, అక్టోబర్లలో పెద్ద తుపాను వచ్చిన ఏడాది సముద్రపు ఉప్పు గాలికి ఆకు అంచులు మాడి, ఎరుపెక్కకుండానే ముడుచుకుంటాయి. ఆ ఏడాది కమాకురా మానేయండి.

ఫొటోలకి: ఎండ మీ వీపు మీద పడేలా నిలబడి తీస్తే ఎర్రాకు మొద్దుగా వస్తుంది. చెట్టు కిందికి వెళ్లి, సూర్యుణ్ణి ఆకుల వెనక పెట్టుకుని పైకి చూడండి. ఆకు దాని ఈనెలతో సహా వెలుగుతుంది. గింకో చెట్ల కింద రాలిన పసుపు కాయల్ని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, కంపు అటుంచి చర్మం దద్దురెక్కుతుంది.

---

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. 22, 23, 24 తేదీల్లో తకావో పెట్టుకుందామనుకుంటున్నాం.

---

23 సెలవు రోజండీ, ఏడాది మొత్తంలో అక్కడ జనం కిక్కిరిసేది అప్పుడే. కేబుల్ కారు వరసలోనే గంట పైన నిలబడాలి, నాన్నగారికి నడక కంటే అదే కష్టం. ఆఫీసులో ఒక రోజు సెలవు పెట్టి మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. తకావోసాంగుచికి ఎనిమిదిన్నరకల్లా చేరండి. పైకి వెళ్లగానే గుడి, తర్వాత పులిహోర, పన్నెండున్నరకి కిందికి. రెండు దాటితే దిగే వరస పెరుగుతుంది, నాలుగున్నరకి సూర్యాస్తమయం, మూడింటికే కొండ నీడలో చలి కొరుకుతుంది. అమ్మగారికి శాలువా చాలదు, గాలి ఆగే కోటు ఉండాలి.