తళ్లికోట యుద్ధం జనవరి 23నా, ఫిబ్రవరి 2నా?

గుంటూరు బ్రాడీపేటలో మేం నడిపే చిన్న పఠన మందిరం గుమ్మం పక్కన నల్లబల్ల మీద రోజూ ‘చరిత్రలో ఈ రోజు’ రాస్తాం. 366 రోజుల పట్టిక ఎక్సెల్‌లో ఉంది. 1900కు ముందువాటిని ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు, వట్టి అక్షరాలుగా చూస్తుంది. దాంతో 1857 మే 10 మీరట్ తిరుగుబాటు ఎక్కడో అడుక్కి పోయింది. రోజు, నెల, సంవత్సరం మూడు గడులుగా విడగొట్టాక ఆ బాధ తీరింది.

తీరనిది క్యాలెండర్ చిక్కు. జనవరి 23 కింద 1565 తళ్లికోట యుద్ధం, 1897 నేతాజీ జననం పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది జూలియన్ (పాత క్యాలెండర్) తేదీ. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్క 1582 అక్టోబరులో గానీ మొదలవలేదు. రెండు లెక్కలకూ అప్పటి తేడా అయిన 10 రోజులు కలిపితే ఫిబ్రవరి 2 అవుతుంది. నవంబరు 7న మాత్రం సి.వి.రామన్ జననం (1888) పక్కన 1917 రష్యా విప్లవం రాశాం, పాత లెక్కలో అది అక్టోబరు 25. ఒకటి మార్చి, ఒకటి వదిలేశామన్నమాట. ప్లాసీతో (1757 జూన్ 23) పేచీ లేదు, బ్రిటన్ 1752లోనే మారిపోయింది.

అన్నీ మార్చి చూశాం: పాఠ్యపుస్తకంలో ఇలా లేదని పిల్లలు సుద్దముక్కతో కొట్టేశారు. ఏదీ మార్చకపోతే విప్లవం అక్టోబరుకు పోతుంది. రెండు తేదీలూ రాద్దామంటే బల్ల మీద పట్టేది ఐదు వరసలే.

ఇలాంటి పట్టికలు కట్టినవాళ్లు చెప్పండి: 1582కు ముందు ఘటనలను మీరు జూలియన్ తేదీనే ఉంచుతారా, గ్రెగోరియన్‌కు మారుస్తారా?